సూపరింటెండెంటు గారు చార్జి అప్పగించిన వైనం

మా సూపరింటెండెంటు గారు పోయారు. ఎవరి అనుమతీ అడక్కుండా పోయారు. నాకు తెలిసి ఆయన జన్మలో అలా చేసిన పని ఇదొక్కటే.

మొన్న నాంపల్లిలో వాళ్లింటికి పలకరింపుకి వెళ్లాను. గుమ్మం పక్కన ఆ బోర్డు ఇంకా వేలాడుతూనే ఉంది, "అనుమతి లేనిదే లోపలికి రారాదు" అని. ఇంటినిండా చుట్టాలు. అందరూ చెప్పులు విప్పి తిన్నగా లోపలికి వెళ్లిపోతున్నారు. నేను మాత్రం అలవాటు కొద్దీ గడప దగ్గర ఆగి, "రావచ్చాండీ?" అన్నాను. "రావచ్చు, కూసోండ్రి" అనే మాట వినపడలేదు. అప్పుడు నమ్మాను మనిషి లేడని.

పేరు చెప్పను. చెప్పినా ఎవరికీ తెలియదు. పాలవాడికీ, పోస్టుమానుకీ, వియ్యాలవారికీ కూడా ఆయన సూపరింటెండెంటు సాబే. రిటైరై ఎన్నేళ్లయినా పదవి ఆయన్ని వదల్లేదు, ఆయనా దాన్ని వదల్లేదు. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుండేవి, ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ. ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టేది గెజిటెడ్ ఆఫీసర్లు. ఆయన ఆ హోదా అందుకోకుండానే రిటైరయ్యారు. ఆ పెన్నుతో ఒక్క పొల్లు రాయడం కూడా నేను చూడలేదు. మరెందుకండీ ఈ బరువు అని ఒకసారి అడిగాను.

"రాసేటందుకు అర్హత లేదు టీచరమ్మా. ఉంచుకునేటందుకు అర్హత అక్కర్లే" అన్నారు.

ఆదివారం ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడికి ఇద్దరం కలిసి వెళ్లేవాళ్లం. నేను గబగబా నాలుగు పుస్తకాలు తిరగేసేలోపు ఆయన ఒక్క పుస్తకం ముందు వంగి నిలబడి, "జర తెరువొచ్చా?" అని అడిగేవారు. 

"తెరువుండ్రి సాబ్. పుస్తకమే గదా, పాము బుట్టనా" అనేవాడు అమ్మేవాడు. 

అప్పుడు తెరిచేవారు. పేజీ తిప్పాలంటే మళ్లీ వాడి వైపు చూసేవారు. వాడు కొన్నాళ్లకి ఆయన్ని చూడగానే, "అన్ని పేజీలకూ పర్మిషన్ ఇచ్చిన సాబ్, ఇయ్యాల్టి మట్టుకు" అనడం మొదలుపెట్టాడు. ఆయనకి అందులో వెటకారం వినపడలేదు. ఇయ్యాల్టి మట్టుకు అన్నది మాత్రం నచ్చింది. గడువు లేని అనుమతి అనుమతే కాదనేవారు.

ఇంకో మాట ఉండేది ఆయనకి. ఎవరు ఏ కబురు పంపినా, "దరఖాస్తుదారు స్వయంగా హాజరు కావలెను" అనడం. పనిమనిషి రేపు రానని కూతురితో చెప్పించినా అదే. మనవడు ఐస్‌క్రీం కావాలని నానమ్మని రాయబారం పంపినా అదే. ఒకసారి నేను పులిహోర చేసి మా మనవరాలు సింధు చేత పంపించాను, అదే, ఇప్పుడు నేను చెప్తుంటే ఇది రాసిపెడుతున్న సింధు. డబ్బా డబ్బాగా తిరిగొచ్చింది. పంపినవారు స్వయంగా హాజరు కావాలట. నేను వెళ్తే, కుర్చీ వేసి, నా ఎదురుగానే మొత్తం తిని, "ఇప్పుడు అందినట్టు లెక్క" అన్నారు.

ఇలాంటి మనిషి చేతిలో మా ఫోను లైను ఉండేది. 

చూపు లేనివాళ్లకి పుస్తకాలు చదివి వినిపించే చిన్న సంఘం మాది. నాంపల్లి స్టేషను రోడ్డులో ఒక జిరాక్సు షాపు మీద ఒంటి గది. కోఠీలో బడిపంతులమ్మగా రిటైరైన నేనూ, నాలాంటి ఇంకొందరూ అక్కడ కూర్చుని చదివితే అది రికార్డవుతుంది. వినాలనుకున్నవాళ్లు ఒక నంబరుకి ఫోను చేసి, కథలకి ఒకటి, పాఠాలకి రెండు నొక్కుకుని వింటారు. నా గొంతుకంటే కింద జిరాక్సు మిషను చప్పుడే బాగుంటుందన్నవాళ్లూ ఉన్నారు, అది వేరే సంగతి.

ఆ నొక్కుడు వ్యవహారమంతా నడిపే కంప్యూటరు ప్రోగ్రాము సూపరింటెండెంటు గారే రాశారు. రిటైరయ్యాక అబిడ్స్‌లో ఒక కోచింగు సెంటర్లో చేరి, మనవల ఈడు పిల్లల మధ్య మొదటి బెంచీలో టిఫిను డబ్బాతో కూర్చుని నేర్చుకున్నారు. అక్కడి మాస్టారు బోర్డు తుడవబోతే, "నేను ఎక్కించుకోకముందే రికార్డు నాశనం చేస్తరా?" అని లేచి నిలబడేవారట. ప్రోగ్రాము మాత్రం బాగానే రాశారు. సింధుది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కదా, అది చూసి పడీపడీ నవ్వింది. అందులో ఒక్కొక్క వరుస పైనా ఆ వరుస ఎందుకు రాయవలసి వచ్చిందో ఆఫీసు ఫైల్లో రాసినట్టు సంజాయిషీ ఉందట. "పై కారణముల దృష్ట్యా, రెండు నొక్కినవారిని పాఠములకు పంపడమైనది" అని.

లైను కలవగానే మొదట ఆయన గొంతే వినపడేది. "నమస్కారం. ముందుగా నిబంధనలు శ్రద్ధగా వినగలరు. ఇందలి పఠనములను అనుమతి లేనిదే రికార్డు చేయరాదు. అనుమతి లేనిదే ఇతరులకు వినిపించరాదు. నిబంధనలు ముగియకముందే అంకె నొక్కరాదు." అలా సాగుతూనే ఉండేది. ఆయన నిబంధనలు చదువుతుండగా నేను పొయ్యి మీద పాలు పెట్టి కాఫీ కలుపుకుని వచ్చేదాన్ని. ఇంకా ఉండేవి.

వాటిమీద అందరికంటే ఎక్కువ మండిపడేది సుజాత. కాచిగూడలో ఉంటుంది, నాంపల్లిలో ఒక ఆఫీసులో టెలిఫోను ఆపరేటరు. పుట్టుకతోనే చూపు లేదు. నోటికి మాత్రం ఏ అడ్డూ లేదు.

"సార్, మీ రూల్స్ అయ్యేసరికి నేను బస్సు దిగే టైమైతది. కథ ఎప్పుడు ఇనాలె?" అనేది.

"రూల్స్ ఇన్నంకనే కథ, బిడ్డా."

"గవి తీసెయ్యుండ్రి సార్. మీకు పుణ్యముంటది."

"నా అంతట నేను తీస్తే ఎట్ల కుదురుతది? పద్ధతుంటది."

ఆ సుజాతే ప్రమోషను కోసం డిపార్ట్‌మెంటు పరీక్షకి కట్టింది. ఆ పుస్తకాలు చదివి వినిపించేవాళ్లు ఆమెకి ఇంకెవరూ లేరు. ప్రయాణ భత్యాల నిబంధనలూ, సెలవుల నిబంధనలూ నేనే గొంతు ఎండిపోయేలా చదివి లైన్లో పెట్టాను. రోజూ పొద్దునా సాయంత్రం బస్సులో విని బట్టీ పట్టేది. సరిగ్గా పరీక్ష ముందర ఫోను కంపెనీవాళ్లు కబురు పెట్టారు. వాళ్ల పద్ధతేదో మారుతోందట, నెలాఖరులోపు మేమూ ప్రోగ్రాములో ఆ మార్పు చేసుకోకపోతే లైను మూగపోతుందట.

సింధు కూర్చుని ఆ మార్పు రాసిపెట్టింది. రాసిందాన్ని లోపల పెట్టడానికి దానికి అనుమతి లేదు. 

అది పెట్టాల్సిన చోటుని రిపాజిటరీ అంటారు. నాకర్థమైనంతవరకు, ప్రోగ్రాము రాతలన్నీ దాచిపెట్టే ఇంటర్నెట్టు బీరువా. ఎవరు చూడొచ్చు, ఎవరు రాయొచ్చు అన్నది బీరువా యజమాని చెప్పాలి. యజమాని సూపరింటెండెంటు గారు. ఇద్దరం వాళ్లింటికి వెళ్లి, గడప దగ్గర అనుమతి తీసుకుని, లోపల కూర్చున్నాం.

"తాతగారూ, నాకు రాసే పర్మిషన్ ఇవ్వండి. కాసేపట్లో అయిపోతుంది" అంది సింధు.

"చూసే పర్మిషన్ ఇచ్చిన గదా."

"చూసి ఏం చెయ్యను? మార్చాలి కదా."

"చూడొచ్చు, ముట్టొద్దు. అందరికీ గట్ల రాసే హక్కిచ్చుకుంట పోతే, రేపు ఏది ఎవరు కొట్టేసిన్రో ఎట్ల తెలుస్తది?"

"ఎవరు ఏం మార్చారో పేరుతో సహా అందులోనే ఉంటుంది తాతగారూ."

"పేరుంటది. దస్కత్ ఉండదు గదా."

"పోనీ, నేను రాసింది మీరే పెట్టండి."

"నాకు సమజ్ గాని కాగితం మీద నేను దస్కత్ పెట్ట." ఆ మాట అని కాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. "నా కళ్లు గూడ మునుపటిలెక్క లెవ్వు. నాకు తెలిసిన కంప్యూటర్ పాతదైపోయింది. పూర్తి చార్జి అప్పజెప్త. కానీ మనిషికి ఇయ్య. కుర్చీకి ఇస్త."

కుర్చీ అంటే కార్యదర్శి. మా సంఘానికి అలాంటి కుర్చీ లేదు. దాంతో సమావేశం పెట్టాం. కార్యదర్శి పదవి అనగానే ముగ్గురు గొంతు సవరించుకున్నారు. ఆ పదవికి పని కూడా ఉంటుందని తెలిశాక ఆ ముగ్గురికీ ఇళ్ల దగ్గర వేరే పనులు గుర్తొచ్చాయి. సుజాత చెయ్యెత్తింది.

"నేను చేస్త. లైన్ బందైతే ఫెయిలయ్యేది నేనే గదా" అంది. 

అందరూ చప్పట్లు కొట్టారు, బరువు దిగిన సంతోషంతో. సుజాత ఫోను అందులో ఉన్నదంతా పైకి చదివి వినిపిస్తుంది, ఆమె వేలితో నడిపిస్తుంది. సింధు ఆమె పేర ఒక ఖాతా తెరిచింది.

ఇక బీరువా ఆమె పేరుకి మార్చడమే. సూపరింటెండెంటు గారు నొక్కాలి, సుజాతకి మెయిలు వెళ్తుంది, ఒక రోజులోపు ఆమె ఒప్పుకుంటున్నానని నొక్కాలి. ఆయన నొక్కారు. మేం ఇళ్లకి వెళ్లిపోయాం. మర్నాడు చూస్తే ఏమీ మారలేదు. ఆ మర్నాడు పొద్దున సుజాతే సింధుకి ఫోను చేసింది.

"సింధూ, నొక్కిన. గడువు తీరిపోయింది అంటుందిది."

"ఇప్పుడు నొక్కావా? మొన్న వచ్చింది కదా అక్కా మెయిలు."

"సారే ఆపిన్రు. మొన్న అమాస అంట. నిన్న పాడ్యమి అంట. విదియ నాడు పొద్దుగాల తానం చేసి నొక్కుమన్నరు. తానం గూడ చేసిన."

సింధు తల పట్టుకుంది. నేను ఆయనకి ఫోను చేసి, అమావాస్య నాడు మీరెలా పంపారండీ మరి అన్నాను. "పంపుడు ఆఫీసు పని టీచరమ్మా. అందుకునుడు శుభకార్యం. రెండిటికీ ఒక్కటే లెక్క ఎట్లయితది?" అన్నారు. గడువు తీరిపోయిందని చెప్తే బాధపడతారనుకున్నాను. ఆయన గొంతులో సంతోషం. "గడువంటే గడువే. మంచి డిపార్ట్‌మెంట్ ఇది. మా ఆఫీసుల గూడ ఇంత గట్టిగ లేకుండె" అన్నారు.

నెలాఖరు ముంచుకొచ్చింది. తెల్లవారితే లైను మూగపోతుందనగా మధ్యాహ్నం నలుగురం జిరాక్సు షాపు పైగదిలో చేరాం. ఈసారి మెయిలు కూడా వెళ్లలేదు. ఆయన నొక్కడం, కుదరదని రావడం. సింధు ఆయన ఖాతా చూసింది, యజమాని ఆయనే. పాస్‌వర్డ్ మళ్లీ కొట్టించింది, సరిగ్గానే ఉంది. సుజాత ఖాతా పేరు అక్షరం అక్షరం సరిచూసింది. ఇచ్చే హక్కున్న మనిషి పక్కనే ఉన్నారు, పుచ్చుకునే మనిషి పక్కనే ఉంది, ఇవ్వడానికి లేదు. సుజాత మాట్లాడ్డం మానేసింది. సుజాత మాట్లాడకపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

"అక్కా, నీ ఖాతాలో ఏమేం ఉన్నాయో ఒకసారి చదివించు" అంది సింధు చివరికి. 

సుజాత వేలు కదిలించింది. ఫోను చదివింది. మా ప్రోగ్రాము పేరే చదివింది.

"ఇదేంటి? ఇంకా ఇవ్వందే నీ దగ్గరికెలా వచ్చింది?"

"అది నకలు" అన్నారు సూపరింటెండెంటు గారు, తాపీగా. "నేనే తీపిచ్చిన. అసలు ఫైలు చేతులు మారేటప్పుడు ముందుగాల నకలు తీసి, అందుకునేటోళ్ల దగ్గర పెట్టాలె. నా సర్వీసంత గట్లనే చేసిన. సుజాతకు మొన్ననే ఫోన్ల చెప్పిన, ఏడ నొక్కాలెనో."

సింధు ఆయన వైపు తిరిగింది. "తాతగారూ, అదే పేరుతో ఆ నకలు అక్కడ ఉన్నంతసేపు అసలు వెళ్లదు. అందుకే కుదరదంటోంది."

"నకలు ఉంటే అసలు రాదా?"

"రాదు."

"నకలు లేకుంట అసలు ఎట్ల పంపిస్తరు?" ఆయన నిజంగా అడుగుతున్నారు. ఇన్నేళ్లుగా ఆయన నమ్ముకున్న దేవుడేదో అప్పుడే లేడని చెప్పినట్టుంది ముఖం.

"ఆ నకలు చెరిపేయాలి. చెరిపితే వెంటనే పంపొచ్చు."

ఆయన కుర్చీలోంచి లేచారు. "నకలు చింపుడా? నా సర్వీసుల ఒక్క కాగితం చింపలే. చాయ్ ఒలికిన కాగితం గూడ ఎండబెట్టి ఫైల్ చేసిన." కిటికీ దగ్గరికి వెళ్లి, కింద జిరాక్సు షాపు ముందు నకళ్ల కోసం నిలబడ్డ జనాన్ని చూస్తూ ఉండిపోయారు. మిషను చప్పుడు ఆగకుండా వస్తోంది. నేనూ సింధూ ఏం చెప్పినా వినేలా లేరు. 

అప్పుడు సుజాత అంది, మెల్లిగానే. "సార్, నకలు చెరపకుంటే అసలు రాదు. అసలు రాకుంటే రేపటికెల్లి లైన్ మూగపోతది. నా పాఠాల సంగతి తర్వాత. మీ రూల్స్ గూడ ఎవ్వరికీ ఇనబడయి."

ఆయన వెనక్కి తిరిగారు. ఒక తెల్లకాగితం అడిగి తీసుకున్నారు. "నకలు రద్దు పరచుటకు అనుమతించడమైనది" అని రాశారు. సంతకం దగ్గరికొచ్చేసరికి చెయ్యి జేబులోకి వెళ్లి ఆకుపచ్చ పెన్ను తీసింది. మూత కూడా విప్పారు. ఒక్క క్షణం ఆగి, మళ్లీ మూత పెట్టేసి, నీలం పెన్నుతోనే సంతకం చేశారు. 

సుజాత నకలు చెరిపేసింది. ఆయన నొక్కారు. ఆమెకి మెయిలు వచ్చింది. "ఇయ్యాల తిథి మంచిదేనా సార్?" అని అడిగింది, వేలు ఫోను మీద ఉంచుకునే.

"నొక్కు" అన్నారాయన.

నొక్కింది. అంతే, బీరువా సుజాతదైపోయింది. ఆమె అనుమతితో సింధు తను రాసిన మార్పు లోపల పెట్టింది. నేను నా ఫోను తీసి నంబరు కలిపి చూశాను. "నమస్కారం. ముందుగా నిబంధనలు శ్రద్ధగా వినగలరు" అని వచ్చింది. పక్కనే ఉన్న మనిషి గొంతు ఫోన్లో విని మేం ముగ్గురం నవ్వాం. ఆయన నవ్వలేదు, నిబంధనలు పూర్తయ్యేదాకా శ్రద్ధగా విన్నారు. తర్వాత ఆ ఆకుపచ్చ పెన్ను సుజాత చేతిలో పెట్టారు.

"ఇది ఉంచుకో బిడ్డా. ఇప్పుడు అర్హత నీకుంది. ఆకుపచ్చ సిరా."

"రంగు నాకెట్ల తెలుస్తది సార్?"

"నీకు తెల్వకున్నా కాగితానికి తెలుస్తది."

సుజాత పరీక్ష పాసైంది. ఆ ఆఫీసులోనే ఇప్పుడు ఆమెకి బల్లా కుర్చీ ఉన్నాయి. ఆ పెన్ను ఆమె చేతిసంచిలో ఉంది.

చార్జి అప్పగించాక సూపరింటెండెంటు గారు మారిపోతారనీ, దిగాలు పడతారనీ అనుకున్నాం. అదేం లేదు, ఆయనకి కొత్త ఊపిరొచ్చింది. ఇప్పుడు పైన ఒక అధికారి ఉంది. ప్రోగ్రాములో ఏం మార్చాలన్నా ఆయన రాసి పంపాలి, సుజాత ఒప్పుకోవాలి. ఒకరోజు ఆయన ఒక మార్పు రాసి పంపారు. మొదట్లో వచ్చే ఆ నిబంధనలన్నీ తీసేయడానికి అనుమతి కోరుతూ. "వినువారి సమయము దృష్ట్యా" అని కారణం కూడా రాశారు. 

నేను ఉండబట్టలేక అడిగాను. "ఆ పిల్ల అన్నేళ్లు మొత్తుకుంది కదండీ. మీ చేతిలో ఉన్నప్పుడే తీసేస్తే పోయేది కదా."

"అప్పుడు అడిగేటందుకు నాకు పైన ఎవరూ లేకుండె టీచరమ్మా" అన్నారు.

సుజాత ఆ అర్జీకి వెంటనే ఒప్పుకోలేదు. పగ తీర్చుకుంది. రోజూ సాయంత్రం ఆయన ఫోను చేసేవారు.

"మేడమ్, నా అర్జీ ఏమాయె?"

"పరిశీలనల ఉంది సార్."

"ఎన్నడయితదో జర చెప్తరా?"

"కబురు చేస్తం సార్."

నవ్వుకుంటూ పెట్టేసేవారు. నా జన్మల ఇంత మంచి ఆఫీసర్ దొరకలే అని నాతో అన్నారు. పోయే ముందురోజు సాయంత్రం కూడా చేశారు. పరిశీలనలో ఉందనే చెప్పింది సుజాత.

పలకరింపు అయ్యాక నేనూ, సింధూ, సుజాతా పైగదికి వెళ్లాం. ఎవరికీ ఇంటికి పోబుద్ధి కాలేదు. సుజాత ఫోను తీసి ఆ అర్జీ చదివించింది. అందులో ఆయన పేరు, కారణం, అన్నీ ఫోను గొంతుతో వచ్చాయి.

"ఒప్పుకుంటావా అక్కా?" అంది సింధు. "ఒక్కటి నొక్కితే రూల్సన్నీ పోతాయి. నువ్వు అడిగిందే కదా."

సుజాత ఫోను బల్ల మీద పెట్టింది. కింద జిరాక్సు మిషను తిరుగుతోంది.

"ఒప్పుకోకుంటే ఏం జేయాలె?"

"తిరస్కరించొచ్చు. కారణం రాయాలి."

"రాయి" అంది సుజాత. సంచిలో చెయ్యి పెట్టి ఆ పెన్ను తీసి పట్టుకుంది. సింధు వేళ్లు కీబోర్డు మీద పెట్టి ఎదురుచూసింది. సుజాత ఒక్కొక్క మాటే చెప్పింది.

"దరఖాస్తుదారు స్వయంగా హాజరు కావలెను."